ముల్లు కిందే ఉంది
పాత వ్యాన్ అమ్ముదామనుకున్నాను. కూలెంట్ పైపు కారుతోంది. లీకు ఆపే మందు పోస్తే నెల్లాళ్లు గడుస్తుందట. లేదంటే తుప్పుపట్టిన పైపులు, ఉబ్బిన రబ్బరు గొట్టాలు, క్లిప్పులు అన్నీ మార్చాలి. "కొనేవాడు చూసుకోడా సార్?" అన్నాడు మెకానిక్.

ఆ మాట ఇద్దరికీ ఒకేలా కనబడేచోటే చెల్లుతుంది. కూలెంట్ బాగా తగ్గితే సెన్సార్‌కి తగలదు. ఇంజన్ మాడుతున్నా టెంపరేచర్ ముల్లు కిందే ఉండొచ్చు. నేను అబద్ధమాడక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

చెప్పేసి ధర తగ్గించొచ్చు కదా? కానీ కొనేది బడిపిల్లల్ని తిప్పే డ్రైవరు. అతను రిపేరు వాయిదా వేస్తే, ఆ బేరంలో లేని పిల్లలు కూడా నడిరోడ్డు మీద ఆగిపోతారు.

పైపులు మార్పించాను. పాతవి చూపించి, ఖర్చు ధరలో కలిపాను. అతను గట్టిగానే బేరమాడాడు. ఆడనీ. ఇప్పుడు ఇద్దరం ఒకే బండి గురించి మాట్లాడుకుంటున్నాం.