గాయాన్ని ఆనవాలడిగిన శిష్యుడు

చెన్నై మెరీనా తీరం వెంబడి దక్షిణంగా వెళ్తే మైలాపూరు దగ్గర ఆకాశాన్నంటే తెల్లని శిఖరంతో శాంథోమ్ బసిలికా కనిపిస్తుంది. ఏసుప్రభువు పన్నెండుమంది శిష్యుల్లో ఒకరైన తోమా సమాధి మీద వెలసిన ఆలయమని దీనికి పేరు. అనుమానించినవాడిగా లోకం గుర్తుపెట్టుకున్న శిష్యుడి సన్నిధికి విశ్వాసం కోసం జనం రావడమే ఈ క్షేత్రంలోని విశేషం.

తోమా క్రీ.శ. 52లో కేరళ తీరంలో అడుగుపెట్టాడనీ, 72లో ఈ ప్రాంతంలోనే ఈటెపోటుకు ప్రాణాలు విడిచాడనీ సంప్రదాయం చెబుతోంది. 13వ శతాబ్ది చివర్లో వచ్చిన మార్కోపోలో ఈ సమాధి ప్రస్తావన చేశాడు. క్రైస్తవులతో పాటు ముస్లింలూ ఇక్కడ మొక్కేవారనీ, ఇక్కడి మట్టిని నీళ్లలో కలిపి జ్వరపీడితులకు తాగించేవారనీ రాశాడు. పోర్చుగీసువారు 1523లో కట్టిన ఆలయం స్థానంలో ఇప్పటి గోతిక్ కట్టడం 1896 నాటికి పూర్తయింది. 1956లో బసిలికా హోదా వచ్చింది. 1986లో రెండో జాన్ పాల్ పోప్ ఇక్కడ ప్రార్థించారు. తోమా అస్థికల్లో అధికభాగం ఏనాడో ఎడెస్సాకు, అక్కడి నుంచి కియోస్ దీవి మీదుగా ఇటలీలోని ఒర్తోనాకు చేరాయంటారు. ఇక్కడ మిగిలినవి చిన్న ఎముక ముక్క, ఒక ఈటెమొన. భక్తులకు అవే చాలు.

యోహాను సువార్తలోని తోమా పిరికివాడు కాడు. యూదయకు వెళ్తే ప్రాణాపాయమని తోటివారు జంకినప్పుడు, ప్రభువుతో కలిసి చావడానికైనా సరే పోదామన్నది అతడే. కడరాత్రి భోజనం వేళ, దారి తెలియదని దాపరికం లేకుండా చెప్పిందీ అతడే. సిలువపై మరణించిన ప్రభువు తిరిగి లేచాడని తోటివారు చెప్పినప్పుడు, ఆయన గాయాలను తాకితేగాని నమ్మనన్నాడు. మహిమ చూపమనలేదు, అద్భుతం చేయమనలేదు. తన గురువును గాయాల వల్లనే గుర్తుపడతానన్నాడు.

నమ్మకం కుదరకపోయినా అతడు తోటివారిని వదిలి వెళ్లలేదు. ఎనిమిది రోజుల తర్వాత మూసిన తలుపుల వెనక వారి మధ్యనే ఉన్నాడు. ప్రభువు వచ్చి అతడిని దూరం పెట్టకుండా, సిలువపై ఈటె దిగిన తన పక్కలోని గాయాన్నే చూపి తాకమన్నాడు. చివరికి తోమాకు దక్కిన మరణమూ ఈటెపోటే. తాకి చూడాలనుకున్న గాయంలోనే అతడికి భాగం లభించింది.

ఆలయం వెనుక వైపు నుంచి మెట్లు దిగితే సమాధి మందిరం. అక్కడ మోకరిల్లేవారు తమ సందేహాలను దాచుకోనక్కరలేదు. ప్రశ్న ఉన్నా ప్రార్థన మానకపోవడమే తోమా నేర్పిన భక్తి. అతడు ఎంచుకున్న ఆనవాలు మాత్రం మరచిపోకూడదు. రోగి మంచం దగ్గర, దుఃఖంలో ఉన్న పొరుగింట్లో ఆ గాయం కనిపించినప్పుడు ముఖం తిప్పుకోకుండా చేయి చాచగలిగితే యాత్ర ఫలించినట్టే.