కన్ను నేర్చిన చూపు

పామర్రుచెంత కాలువగట్టున నొక యుదయమున, మంచులోని యొంటి తాటిచెట్టును నీటిలోని దాని నీడను గూర్చి ఛాయాచిత్రము దీసి, ఇట్టిది మునుపెవ్వరును జూడలేదని పొంగితిమి. నెల తిరుగకమున్నే బంధువులయింటఁ బాత క్యాలెండరులో నదే తాడి, అదే నీడ, అదే యెడమవైపు ఖాళీ కనఁబడెను. బాల్యమున నా గోడయెదుటనే మేము భోజనము చేసెడివారము!

దొంగిలించితిమా? ఎఱుఁగక చేసినది చౌర్యము గాదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో అడివి బాపిరాజుగారు ప్రమోదకుమార చటోపాధ్యాయులకడ చిత్రలేఖనము నేర్చిరి. వారు తమ గురువు నెఱుఁగుదురు. మాకు గురువున్నాఁడనియే తెలియదు. కెమేరా యున్నదున్నట్లు చూపునందురు గాని, ఎచట నిలువవలెనో, దేనిని విడువవలెనో చెప్పునది కన్నే గదా!

తెలిసినపిమ్మట నూరకుండుట మాత్రము వేఱు. క్యాలెండరుపై ఛాయాగ్రాహకుని పేరు లేదు. ప్రదర్శనమునకుఁ బంపిన మా పటముక్రింద, పేరెఱుఁగని యాతని ఋణమును వ్రాసితిమి.