రాజు బల్లయొద్ద చోటు
(2 సమూయేలు 9వ అధ్యాయము)

రెండు కాళ్లు కుంటివైన మెఫీబోషెతునకు దావీదు సౌలు భూములన్నియు మరల ఇప్పించెను. అంతటితో ఊరకుండినను అది దయయే. గాని రాజు అతనిని తన కుమారులతోకూడ బల్లయొద్ద కూర్చుండబెట్టెను. కాళ్లు బాగుపడలేదు, చోటు మాత్రము దొరకెను.

మన కల్లూరు పల్లెలలో చూపో, వినికిడో, బుద్ధియో కొదువైన బిడ్డను ఇంటనుంచుకొని అన్నము పెట్టినచో చాలునని తలంచుచున్నాము. నూటికి 40 పాళ్లకు తక్కువకాని వైకల్యముగల బిడ్డకు, 6 మొదలు 18 ఏండ్లవరకు, దగ్గరి బడిలోనైనను ప్రత్యేక పాఠశాలలోనైనను ఉచితవిద్య హక్కని 2016 నాటి చట్టము చెప్పుచున్నది.

తక్కిన పిల్లల చదువు చెడునందురు కొందరు. ఉపాధ్యాయునికి శ్రమ నిజమే. అందుకు తర్ఫీదైనవారి సహాయము అడుగవలెను గాని బిడ్డను గడప బయట నుంచరాదు. రాజకుమారుల పాలు తగ్గెనని వాక్యములో లేదు.

దావీదు తానే ముందుగా విచారించెను. మనమును బడి తెరచుటకు ముందే ఇంటింట విచారించి, ఆ బిడ్డను చేయిపట్టి తోడుకొనిపోదము.