కుంటువాని నడక

కలిసి పయనమైనవారు ఎవరి నడకను నడువవలెను? బలవంతుని నడకనా, కుంటువాని నడకనా?

1981లో దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశమున నలుగురు మనుష్యులు అమెజాను వర్షారణ్యములోనికి బయలుదేరిరి. వారిని ఎవరును పంపలేదు. వర్తకము లేదు, ఉద్యోగము లేదు; క్రొత్తదానిని చూడవలెనన్న ఆశయే వారిని నడిపించెను. ఇశ్రాయేలు దేశస్థుడు యోస్సీ గిన్స్‌బర్గ్, అమెరికావాడు కెవిన్ గేల్, స్విట్జర్లాండు ఉపాధ్యాయుడు మార్కస్ స్టామ్. వీరికి ఎవరును ఎరుగని పల్లెను, బంగారమును చూపెదనన్నవాడు ఆస్ట్రియావాడైన కార్ల్. కొలది దినములకే ఆహారము తరిగెను. తడిసిన జోళ్లలో మార్కస్ పాదములు పుండ్లు పడెను. అతడు వెనుకబడినప్పుడెల్ల తక్కినవారు ఆగవలసివచ్చెను.

అప్పుడు తన హృదయము మార్కస్‌కు విరోధముగా తిరిగెనని గిన్స్‌బర్గ్ తరువాత వ్రాసిన పుస్తకములో దాచక చెప్పుకొనెను. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. పొరుగూరి కూటములకు నడచి పోవునప్పుడు కాలిలో ముల్లు విరిగినవానిని మొదట జాలితో చూతుము. రెండవసారి ఆగినప్పుడు పొద్దు వైపు చూతుము. మూడవసారి వాని తప్పులు లెక్కింతుము: మంచి చెప్పులు తొడుగుకొనలేదు, రావద్దన్నను వచ్చెను, ఇంటియొద్దను ఇట్టివాడే! నొప్పి వానిదైనను నేరము మోపువారము మనమే. ఏశావు త్వరపెట్టినను, పసిపిల్లలును పాలిచ్చు పశువులును నడువగలిగినంత మెల్లగా వచ్చెదనని యాకోబు చెప్పెను (ఆది. 33). అతని మాటలన్నిటిని మనము మెచ్చుకొనలేము గాని ఈ మాట మాత్రము మందను మేపినవాని మాట.

తుదకు ట్వీచీ నదియొద్ద వారు రెండుగా చీలిరి. మార్కస్ కార్ల్‌తో కాలినడకను పోయెను. తక్కిన ఇద్దరు తెప్ప మీద పోయిరి. ఇది అన్యాయమని తీర్పు తీర్చుటకు మేము తెగింపము. ఆకలి వేయుచుండగా తొందర నిజమైన తొందరయే. పొంగిపారు నదికంటె నేలయే క్షేమమని తోచియుండవచ్చును. అయితే మా తలంపునకు వారు విడిపోయినది ఆ నదియొద్ద కాదు. దారి నడుచుచు ఒకని పాదములను చూచి ముగ్గురు మనస్సులో విసిగినప్పుడే ఆ జట్టు చీలెను. నదియొద్ద జరిగినది మూటలు పంచుకొనుట మాత్రమే.

తెప్ప బండను తాకెను. కెవిన్ ఒడ్డు చేరెను, గిన్స్‌బర్గ్ జలపాతము మీదుగా కొట్టుకొనిపోయి, ఆ అడవిలో ఇంచుమించు మూడు వారములు ఒంటరిగా తిరిగెను. కొన్ని దినములకు కెవిన్‌ను ఆ ప్రాంతపువారు కనుగొని కాపాడిరి. అతడు ఇక ఇంటికి పోయినను ఎవరును నిందింపరు. అతని కాళ్లును పాడైయుండెను. అయినను అతడు ఊరక కూర్చుండలేదు. ఆ నది గుట్టు తెలిసిన పడవవారిని బ్రతిమాలుకొని, వారితోకూడ ఎదురేటికి మరల పోయెను. ఇక పడవ త్రిప్పుదమనుకొన్న చోట, ఒడ్డున నిలువలేక నిలిచియున్న స్నేహితుని చూచెను.

మార్కస్‌ను, కార్ల్‌ను కూడ వెదకిరి. వారి జాడ నేటివరకు దొరకలేదు.