నిదానపు వంట – శ్రావక ధర్మము

ఉదయము పప్పును, నీటిని పోసి మూత పెట్టిన పాత్ర, పొయ్యికడ ఎవరును నిలువకుండగనే సాయంకాలమునకు వంట సిద్ధము చేయుచున్నది. విద్యుత్తుతో పనిచేయు ఈ పాత్రను స్లో కుక్కరు అందురు. ఇంటివారు అంగటికో, ఆఫీసుకో, బడికో పోయినను దాని పని ఆగదు. అయితే చూచువారు లేని వంట అహింసావ్రతమునకు సమ్మతమగునా? ఇట్టి పాత్ర శ్రావకుని వంటయింట ఉండదగునా? ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన ప్రశ్న కాదు.

ఈ పాత్ర పుట్టుకలోనే సూర్యాస్తమయము ఇమిడియున్నది. నిష్ఠగల యూదులు శుక్రవారము ప్రొద్దు క్రుంకినది మొదలు శనివారము రాత్రి వరకు నిప్పు రాజేయరు. అందుచే తూర్పు ఐరోపాలో వారు శుక్రవారము ప్రొద్దుండగనే కుండను నింపి రొట్టెల బట్టీలో ఉంచెడివారు. మరునాటి మధ్యాహ్నమునకు అది ఉడికి వేడిగా ఉండెడిది. ఆ వంటకమునకు చోలెంట్ అని పేరు. తమ ఇంట చెప్పుకొను ఆ వంట కథనుబట్టి అమెరికాలోని షికాగో నివాసి ఇర్వింగ్ నాక్సన్ విద్యుత్ పాత్రను రూపొందించి 1940లో పేటెంటు పొందెను. 1971లో రైవల్ కంపెనీ దానిని క్రాక్-పాట్ అను పేర అంగళ్లకు తెచ్చెను. వారి నియమము నిప్పు రాజేయుటను గూర్చినది. మన నియమము భుజించు వేళను గూర్చినది. వారి కుండ రాత్రియంతయు ఉడికి మరునాడు పనికివచ్చును. రాత్రి గడచిన వంటను వర్జించువారికి ఆ పద్ధతి చెల్లదు.

నిదానపు వంట మన సీమకు క్రొత్త కాదు. పావగడ తాలూకాలోని నిడుగల్లు వంటి మెట్ట ప్రాంతములలో ఉలవలు ఉడుకవలెనన్న ఓపిక కావలెను. పిడకల దాలిలో పాలు మీగడ కట్టి ఎఱ్ఱబారువరకు కాగుట పెద్దలందరు ఎఱిగినదే. 1910లో కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ కనిపెట్టిన ఇక్మిక్ కుక్కరు కూడ, అడుగున కొద్దిపాటి బొగ్గులతో, గిన్నెలలోని అన్నమును పప్పును ఆవిరిపై మెల్లగా వండెడిది. అయితే దాలికడ ఇల్లాలి చూపు ఉండెడిది. క్రొత్త పాత్రకడ ఆ చూపు లేదు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

తత్త్వార్థ సూత్రము ఏడవ అధ్యాయము హింసకు మూలము ప్రమాదమని చెప్పుచున్నది. ఇచ్చట ప్రమాదమనగా నేటి వాడుకలోని ఆపద కాదు, ఏమరుపాటు. అహింసావ్రతమును నిలుపు ఐదు భావనలలో ఆలోకిత పాన భోజనమును, అనగా వెలుగులో చూచి తినుట త్రాగుటను, ఆ గ్రంథమే ఒకటిగా చేర్చినది. దీపము వెలిగించుకొన్నను సూర్యకాంతి లేని భోజనమున హింస తప్పదని పురుషార్థ సిద్ధ్యుపాయమున అమృతచంద్ర సూరి వాదించెను. వంట గృహస్థునకు తప్పని ఆరంభ హింస. దానిని తగ్గించుకొనుటయే అతని కర్తవ్యము.

కాబట్టి పాత్ర మంచిదా చెడ్డదా అని అడుగుటకంటె, ఏమరుపాటు ఎచ్చట ప్రవేశించునో విచారించుట మేలు. ఈ పాత్రకు మాటిమాటికి మూత తీయరాదు. తీసినప్పుడెల్ల వేడి జారిపోయి వంట ఆలస్యమగును. అనగా చూడవలసినదంతయు మూత వేయుటకు ముందే చూడవలెను. నీరు వడగట్టుట, పప్పు ఏరుట, కాయను చీల్చి పురుగున్నదేమో పరీక్షించుట పగటి వెలుగులోనే జరుగవలెను. తక్కువ వేడిమిపై వంటకు సుమారు ఎనిమిది గంటలు పట్టును. ఉదయము ఎనిమిదింటికి మొదలిడినచో సాయంకాలము నాలుగింటికి ముగియును. కార్తీక మార్గశిరములలో ఆరు గంటలకు ముందే ప్రొద్దు క్రుంకినను భోజనమునకు వేళ మిగులును.

రాత్రి నిద్రకు ముందు దీపపు వెలుగున పాత్రను నింపుట గాని, కొన్ని గంటల తరువాత దానంతట అదే వెలుగునట్లు గడియారము త్రిప్పి పచ్చి సరకును నీటిలో నిలువ ఉంచుట గాని తగదు. 5 మొదలు 60 డిగ్రీల వరకు గల వేడిమిలో సూక్ష్మజీవులు విస్తారముగా పెరుగునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. రాజ్మా గింజలను నానబెట్టి, ఆ నీటిని పారబోసి, వేరుగా పది నిమిషములు తెర్లకాచిన పిమ్మటనే ఇందులో వేయవలెను. లేనిచో వానిలోని విషగుణము ఈ మెల్లని వేడికి నశింపదు. పాత్ర మన బదులు వేచియుండగలదు గాని మన బదులు చూడజాలదు.

ఇంకొక మాట కలదు. వంట నాలుగింటికే సిద్ధమైనను, తినవలసినవాడు రాత్రి తొమ్మిదింటివరకు అంగటి గల్లాకడ కూర్చున్నచో ప్రయోజనమేమి? అనస్తమిత నియమము పేర ఇల్లాలు పరుగులిడి వండుటయు, సాయంకాలపు బేరము పేర యజమాని ఇల్లు చేరకుండుటయు అనేక గృహములలో కలదు. భారమొకరిది, వినాయింపు మరొకరిది. పాత్ర కొనుటతో ఈ లోటు తీరదు.

1232లో నిడుగల్లు కొండపై గంగేయన మారెయ పార్శ్వ జినాలయము కట్టించెను. 1278 నాటి అమరాపురం శాసనము మల్లిసెట్టి అను వర్తకుడు తైలంగెరె బసదికి రెండువేల పోకచెట్లను దానమిచ్చినట్లు చెప్పుచున్నది. సొమ్ము నిచ్చుట ఈ సీమ వర్తకునకు ఏడువందల ఏండ్లకు పైబడిన అలవాటు. సాయంకాలమున ఒక్క గంట బేరము నిచ్చుట అంతకంటె కష్టమైన దానము. అంగటి తలుపు కొంతసేపు దగ్గరగా వేసి, ప్రొద్దుండగనే ఇంటివారితో కలిసి భుజించు శ్రావకుని ఇంట స్లో కుక్కరున్నను, కట్టెల పొయ్యి ఉన్నను ధర్మము నిలుచును.