పులి మీద కూర్చున్నాయన ఎవరు?

మా మనవరాలు ఆరో తరగతి చదువుతోంది. 'మన రాష్ట్ర కళలు' అని బడిలో ప్రాజెక్టు ఇచ్చారు. స్టేషనరీ దుకాణంలో దొరికే బొమ్మల షీటు కొనుక్కొచ్చి, ఒక్కో బొమ్మా కత్తిరించి చార్టుకు అంటిస్తోంది. పేరిణి పక్కన బతుకమ్మ, బతుకమ్మ పక్కన చేర్యాల బొమ్మ. ఎర్రటి నేపథ్యం మీద ఒకాయన పులినెక్కి వెళ్తున్నాడు. కింద అచ్చువేసింది ఒకటే వాక్యం: చేర్యాల చిత్రకళ ఎంతో ప్రసిద్ధి చెందినది. బంక రాస్తున్న పిల్ల చెయ్యి ఆపి అడిగింది. "తాతా, పులి మీద కూర్చున్నాయన ఎవరు?"

ఆయన భావనారుషి. మార్కండేయుడి కొడుకు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్ళాడినవాడు. తామరతూడు నారతో నూలు తీసి దేవతలకు మొదటి బట్ట నేసినవాడని పద్మశాలీలు చెప్పుకుంటారు. ఇంతవరకు చెప్పగలిగాను. కానీ ఆ పిల్ల ప్రశ్న నాలో ఇంకా లోతుకు దిగింది. ఈ బొమ్మ ఎవరు గీయించుకున్నారు? ఎవరి ముందు విప్పారు? ఆ ప్రసిద్ధి వాక్యంలో ఒక్క మనిషి కూడా ఎందుకు లేడు?

చేర్యాల చిత్రకారులైన నకాశీలు ఈ బొమ్మను గోడకు తగిలించుకోవడానికి గీయలేదు. ముతక ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, దాని మీద గీసేవారు. వెడల్పు 3 అడుగులు, పొడవు 30 అడుగులు దాటేది. దాన్నే పటం అంటారు. కథకుల బృందం ఆ చుట్టను ఊరికి తెచ్చి, గుంజలకు కట్టి, ఒక్కో గడీ విప్పుకుంటూ, కర్రతో చూపిస్తూ పాడేది. ఒక రాత్రితో తీరే కథ కాదు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందహెచ్చులు, మాదిగలకు డక్కలివారు. ఏ ఊళ్ళు ఎవరివో మిరాశి, అంటే వంశపారంపర్య హక్కు, ఉండేది. కథ అయ్యాక ఇచ్చేదాన్ని త్యాగం అనేవారు.

అది బడి లేనివాళ్ళ బడి అని నాకనిపిస్తుంది. అక్షరం దగ్గరికి రానివ్వని కాలంలో, శాస్త్రాలు చెవిన పడితేనే తప్పన్న కాలంలో, ఈ మనుషులు తమ చరిత్రను బొమ్మల్లో రాయించుకుని, పాటలో వినిపించుకుని, పిల్లలకు అప్పగించారు. మనిషికి తిండి, గుడ్డ సరిపోవా? తన మొదలు ఎక్కడో తెలియాలన్న ఆకలి ఎందుకు? పగలంతా మగ్గం గుంటలో వంగి కూర్చున్నవాడు రాత్రి పటం ముందు కూర్చుని, దేవతల సిగ్గు దాచింది మా మూలపురుషుడే అని విన్నప్పుడు అతని వెన్ను ఎంత నిటారుగా నిలిచి ఉంటుంది! మాదిగలకు డక్కలివారు చెప్పే జాంబపురాణం ఇంకా ముందుకు పోతుంది. జాంబవుడు భూమికంటే ముందే పుట్టాడని చెబుతుంది. ఊరి చివర నిలబెట్టిన మనుషులు, అందరికంటే ముందున్నది మేమేనని చెప్పుకున్న కథ అది. దాన్ని పురాణమని పక్కన పెట్టేయడం నాకు చేతకాదు. అవమానానికి ఇచ్చిన సమాధానంగా కూడా దాన్ని చదవాలి.

అయితే ఆ రాత్రుల్ని తలుచుకుని మురిసిపోవడం కూడా నా వల్ల కావడం లేదు. ఒక కులం పటం ఆ కులం ముందే విప్పేవారు. పక్కవాడలో ఎవరి కథ ఏమిటో రెండో వాడకు పట్టేది కాదు. గౌరవాన్ని ఇచ్చిన కథే గోడను కూడా గట్టిపరిచింది. మాదిగలకు పుట్టుక చెప్పిన డక్కలివారిని మాదిగవాడలో కూడా దూరంగానే ఉంచారు. అంటరానితనం భరించినవాళ్ళే తమ కథ చెప్పేవాళ్ళను ఇంకా కింద నిలబెట్టారు. వారసత్వం అని మనం పిల్లల చేతిలో పెడుతున్నదాంట్లో ఇదీ ఉంది. తేనె ఇచ్చి ముల్లు దాచవచ్చా? ఏ వయసులో ముల్లు చూపించాలి?

పాఠ్యపుస్తకాలు ఈ చిక్కుకు ఒక దారి కనిపెట్టాయి. కులాల పేర్లు తీసేసి, కథ తీసేసి, కథకుణ్ణి తీసేసి, రంగులు మిగిల్చాయి. 'జానపద కళ' అన్న మాట కింద అందరూ సర్దుకున్నారు. పసివాళ్ళ మనసు నొప్పించకూడదన్న దయ అందులో కొంత ఉందని ఒప్పుకుంటాను. కానీ మనుషుల్ని తుడిచేశాక మిగిలిన బొమ్మ పిల్లలకు ఏం నేర్పుతుంది? సురవరం ప్రతాపరెడ్డి 1949లోనే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రచురించి, రాజుల వరుసను పక్కన పెట్టి జనం తిన్నది, కట్టింది, ఆడుకున్నది చరిత్రగా చూపించాడు. ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన వేసిన దారి మాత్రం ఆరో తరగతి చార్టు దాకా రాలేదు.

దర్శనం మొగిలయ్య గారిని తలుచుకుంటే నాకు మరీ కష్టంగా ఉంటుంది. డక్కలి బిడ్డ. 12 మెట్ల కిన్నెర మీద ప్రజావీరుడు పండుగ సాయన్న కథ పాడినవాడు. 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. పాఠ్యపుస్తకంలోకీ ఎక్కాడు. 2024లో ఆయన కట్టడం పనిలో కూలికి వెళ్తున్నాడని పత్రికలు రాశాయి. ఆయన గురించి పాఠం చదివి పరీక్ష రాసిన పిల్లలు ఆ వార్త చూసి ఏమనుకుని ఉంటారు? కళను కాపాడాలి అని రాస్తే మార్కులు వస్తాయి. కళాకారుడు ఆ పూట ఏం తిన్నాడన్న ప్రశ్న ఏ పేపర్లో వస్తుంది?

మరి మంచి పాఠం ఎలా ఉండాలి? పిల్లల్నే వెళ్ళి ఇంట్లో అడిగి రమ్మందామా? మొదట అదే మంచిదనిపించింది. తర్వాత భయమేసింది. నలభై మంది ముందు ఒక పిల్లను లేపి, మీ వాళ్ళ కథ చెప్పమంటే, ఆ క్షణం దాకా తోటిపిల్లగా ఉన్న ఆమె ఒక కులంగా మారిపోతుంది. ఆ చూపులు తట్టుకోవడానికి పదకొండేళ్ళు చాలా చిన్న వయసు. అలా కాకుండా పటాన్నే బడికి తెస్తే? ఒక నెల కూనపులివారు వస్తారు, మరో నెల డక్కలివారు. సాలోళ్ళ పిల్ల జాంబపురాణం వింటుంది, మాదిగ పిల్లాడు భావనారుషి కథ వింటాడు, గౌడుల పిల్లలు మందహెచ్చుల పాట వింటారు. నాకు తెలిసి పటాలన్నీ అందరి ముందూ ఎక్కడా విప్పలేదు. ఆ పని చేయగల చోటు మనకు బడి ఒక్కటే ఉంది. వచ్చిన కథకుడికి కుర్చీ వేయాలి, పంతులుకు ఇచ్చినట్టే జీతం ఇవ్వాలి. త్యాగం అన్న మాట అక్కడ వినిపించకూడదు. అలా చేస్తే కథ పవిత్రత పోతుందనే పెద్దలుంటారు. వాళ్ళ మాట నేను తోసిపుచ్చను. తమది తమకే చెప్పుకోవడంలో ఒక ధైర్యం ఉంది, పరాయివాళ్ళ ముందు అది సన్నగిల్లవచ్చు. అయినా పక్కవాడి పుట్టుక కథ ఒక్కసారైనా శ్రద్ధగా విన్న పిల్ల, రేపు వాణ్ణి తక్కువగా చూడటానికి కొంచెమైనా తడబడుతుందని నా ఆశ.

పటం చిరిగిపోతే వెనకటికి ఊరికే పారేసేవారు కాదు. కొత్తది గీయించుకుని, పాతదానికి పూజ చేసి ఏట్లో కలిపేవారు. కొత్తది చేతిలో ఉంది కనుక పాతదాన్ని సాగనంపగలిగారు.

ఆ రాత్రి మనవరాలికి భావనారుషి కథ మొదలుపెట్టాను. హోమగుండం, తామరతూడు, పులి, పెళ్ళి, రాక్షసుడితో యుద్ధం మొదలైన దాకా వచ్చాను. అక్కడ నాకు తెగిపోయింది. చిన్నప్పుడు పటం ముందు మా అవ్వ ఒళ్ళో నిద్రపోయింది సరిగ్గా అక్కడేనేమో.

"తర్వాత?" అంది.

"నాకు రాదు బిడ్డా."

"మరి ఎవరికొచ్చు?"