జేబులో క్యాసెట్టు

కొత్త ఆల్బం వచ్చిందంటే ముందు దాని హంగుల గురించే చెబుతారు. ఏ స్టూడియో, ఎంతమంది వాద్యకారులు, ఎంత ఖర్చు అని. 1982లో అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌కు ఆ హంగులకేం కొదవ లేదు. 1980లో వచ్చిన ఆయన ఆల్బం 'ది రివర్' అక్కడి అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్లింది. అయినా ఆ జనవరిలో న్యూజెర్సీలోని ఓ అద్దె ఇంట్లో, పడకగదిలో కూర్చుని, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు మీద ఒక్కడే పాడుకున్నాడు. ఎక్కువగా గిటారు, మౌతార్గాన్. పాటల్లో ఉన్నదెవరయ్యా అంటే హంతకులు, అప్పులపాలైనవాళ్లు, ఫ్యాక్టరీ మూతపడి వీధిన పడ్డ కార్మికుడు.

నిజానికి అవి తన బ్యాండుకు వినిపించడానికి చేసుకున్న నమూనాలు. పైన డబ్బా కూడా లేని ఆ క్యాసెట్టును జేబులో వేసుకుని తిరిగాడు. తీరా స్టూడియోలో బ్యాండుతో వాయించి చూస్తే మోత పెరిగింది గానీ ఆ మనుషులు మాయమయ్యారు. చివరికి ఆ క్యాసెట్టులోని పాటలే 'నెబ్రాస్కా' పేరుతో సెప్టెంబరులో విడుదలయ్యాయి. వాటిని ఎల్పీ రికార్డుకు ఎక్కించడానికి ఇంజనీర్లు నానా తంటాలు పడ్డారట!

అయితే ఆయన వెనక కొలంబియా లాంటి పెద్ద కంపెనీ ఉంది, అప్పటికే పేరూ ఉంది. ఇవాళ సొంతంగా ఆల్బం చేసే కుర్రాళ్లకు రికార్డింగు సులువే, వినేవాళ్లు దొరకడమే కష్టం. అందుకే ఈ వారం ఒక కొత్త గొంతును ఎంచుకోండి. ఒక్క పాటతో ఆపేయకుండా ఆల్బం మొత్తం వరసగా వినండి. నచ్చితే డబ్బిచ్చి కొనండి.